మొహావీ దారిలో మా పాత వ్యాను

దక్షిణ కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్ళకి లాస్ వేగాస్ దారిని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా, అత్తమామలు వచ్చినా, రెండో వారాంతానికల్లా పులిహోర, పెరుగన్నం డబ్బాలు సర్దుకుని ఐ-15 ఎక్కేస్తాం. మా అర్వైన్ నుంచి వేగాస్ 260 మైళ్ళు. తెల్లవారుజామున బయలుదేరితే నాలుగు గంటల చిల్లర. శుక్రవారం సాయంత్రం బయలుదేరితే ఎప్పటికి చేరతామో ఆ దేవుడికే తెలియాలి.

ఇన్నేళ్ళూ నేను ఈ దారిలో పక్క సీట్లో కూర్చుని, వెనక్కి తిరిగి పిల్లలకి జంతికలు అందిస్తూ, మధ్యలో ఓ కునుకు తీస్తూ వెళ్ళినదాన్నే. ఈ జూన్‌లో మాత్రం కునుకు తియ్యలేదు. ఎగ్జిట్ వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న వేసుకుంటూ వెళ్ళాను. "ఇక్కడ బండి ఆగిపోతే ఏమవుతుంది?"

కారణం మా పెద్దమ్మాయి. తనకి లాస్ వేగాస్‌లోని నెవాడా యూనివర్సిటీలో, అదే అందరూ యూఎన్ఎల్‌వీ అంటారే, అక్కడ హోటల్ మేనేజ్‌మెంట్‌లో సీటొచ్చింది. ఊరే ఒక పెద్ద హోటల్ కాబట్టి ఆ చదువుకి ఆ కాలేజీకి మంచి పేరుంది. ఆగస్టు నుంచి అక్కడే ఉండాలి, పార్ట్ టైం పనికి తిరగాలి, సెలవులకి ఇంటికి రావాలి. అంటే కారు కావాలి. మా ఇంట్లో ఉన్నది 2011 మోడల్ హోండా ఒడిస్సీ. 2016లో 62,000 మైళ్ళ మీద సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. ఇప్పుడు మీటరు 1,04,000 దాటింది. పిల్లల్ని డాన్సు క్లాసులకి, సాకరుకి, మాలిబూ గుడికి తిప్పిన బండి అది. ఒక్కసారి కూడా రోడ్డు మీద వదిలెయ్యలేదు. అది అమ్మాయికిచ్చేద్దాం అని ఇద్దరం అనుకున్నాం.

మే నెలలో ఆయిల్ మార్పించడానికి వెస్ట్‌మిన్‌స్టర్‌లో మేం ఎప్పుడూ వెళ్ళే వియత్నామీస్ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన బానెట్ ఎత్తి చూసి, "టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు. పాత ఓనరు ఇచ్చిన కాగితాలన్నీ వెతికినా ఎక్కడా ఆ మాట లేదు. అమ్మాయి ఎడారి దారిలో వేగాస్ వెళ్తుందని చెప్పగానే ఆయన ఒక కాగితం తీసి రాసిచ్చాడు. టైమింగ్ బెల్టూ, వాటర్ పంపూ, టెన్షనరూ కలిపి 1,150 డాలర్లు. రేడియేటరు, గొట్టాలు 600. వాల్వ్ కవర్ గాస్కెట్లు 400. స్పార్క్ ప్లగ్గులు 220. ఇంజిన్ మౌంటు ఒకటి 380. మొత్తం 2,750. కెల్లీ బ్లూ బుక్‌లో చూస్తే బండి విలువే 4,500 చూపిస్తోంది.

మా వారు ఆ కాగితం చూసి నవ్వారు. "నాలుగున్నర వేల బండికి దాదాపు మూడు వేల రిపేరా? అది బాగానే నడుస్తోంది కదా. డాష్‌బోర్డు మీద ఒక్క లైటైనా వెలిగిందా? పాడైనప్పుడు చూద్దాం. లేదా ఇప్పుడే అమ్మేసి, లోను మీద పదిహేను వేలలో ఇంకోటి తీసుకుందాం" అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పాడవని దాన్ని బాగుచేయించడమేమిటి? ఇటు చూస్తే, పిల్ల ఒక్కతే వెళ్ళాల్సిన దారి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకుంటామేమో అని నాకు. ఓరియెంటేషన్‌కి ఎలాగూ వెళ్ళాలి, ఆ దారిని ఒకసారి సరిగ్గా చూసొచ్చి తేలుద్దాం అన్నాను. వ్యాను ఇంట్లోనే ఉంచి, మా క్యామ్రీలో ముగ్గురం బయలుదేరాం.

శాన్ బెర్నార్డినో దాటాక మొదటి ఎక్కుడు కహోన్ పాస్. ఒకవైపు శాన్ గాబ్రియేల్ కొండలు, ఇంకోవైపు శాన్ బెర్నార్డినో కొండలు. వాటిని విడదీసింది శాన్ ఆండ్రియాస్ ఫాల్ట్. భూకంపాల పుట్టినిల్లు చీల్చిన సందులోంచే రైలు పట్టాలూ ఫ్రీవే రెండూ పోతాయి. కిందినుంచి పైకొచ్చేసరికి దాదాపు 3,000 అడుగులు ఎక్కుతాం. మైలు పొడుగు గూడ్సు రైళ్ళు ముందూ వెనకా ఇంజిన్లు పెట్టుకుని మెల్లగా పాకుతూంటాయి. లారీలన్నీ కుడి లేనులో ఒకదాని వెనక ఒకటి మూలుగుతూంటాయి. రోడ్డు పక్కన బానెట్ ఎత్తిన కారు ఒకటైనా కనిపించకుండా నేను ఈ పాస్ ఎక్కిన గుర్తు లేదు. చిన్నప్పుడు శ్రీశైలం ఘాట్‌లో డ్రైవరు బస్సాపి, రేడియేటర్లో నీళ్ళు పోసి, ఆవిరి తగ్గేదాకా మమ్మల్ని చెట్టు కింద కూర్చోబెట్టడం గుర్తొచ్చింది.

అలా వేడెక్కే జబ్బు మాత్రం చాలాసార్లు చెప్పే వస్తుంది. కూలెంట్ కారుతుంటే ఇంటిముందు కాంక్రీటు మీద మరక కనిపిస్తుంది, తియ్యటి వాసనొస్తుంది. రబ్బరు గొట్టం పాతబడితే చల్లగా ఉన్నప్పుడు చేత్తో నొక్కి చూడొచ్చు, మెత్తగా ఉబ్బినట్టుంటుంది. ఉష్ణోగ్రత ముల్లు సగం దాటి పైకి పాకుతుంది. చూసేవాళ్ళుంటే ఆపుకునే వ్యవధి ఉంటుంది. అది గమనించగానే నాకు మెకానిక్ కాగితం మీద ఉన్న అయిదు పనులు రెండు గుంపులుగా విడిపోయాయి. ముందు చెప్పి పాడయ్యేవి కొన్ని. చెప్పకుండా పాడయ్యేవి కొన్ని. వాల్వ్ కవర్ గాస్కెట్ లీకైతే కాలిన నూనె వాసనొస్తుంది, ఆయిల్ కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఇంజిన్ మౌంటు పోతే ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు స్టీరింగు వణుకుతుంది. స్పార్క్ ప్లగ్గు అరిగితే బండి తడబడుతుంది, చెక్ ఇంజిన్ లైటొస్తుంది. ఇవన్నీ నోరున్న జబ్బులు.

కహోన్ దిగాక విక్టర్‌విల్, ఆ తర్వాత బార్‌స్టో. ఇక్కడ ఎప్పుడూ బాత్రూముకీ కాఫీకీ ఆగుతాం. ఈసారి రైల్వే స్టేషన్ దగ్గరికి వెళ్ళాం. 1911లో కట్టిన హార్వీ హౌస్ అది. అప్పట్లో రైలు ప్రయాణికులకి భోజనం పెట్టే హోటలు. కమానులూ స్తంభాలూ చూస్తే ఎడారి మధ్యలో ఎవరో కోట కట్టి వదిలేసినట్టుంటుంది. ఇప్పుడందులో రూట్ 66 మ్యూజియం ఉంది. పాత కార్లతో మొహావీ దాటినవాళ్ళ కాలం అది. కాన్వాసు సంచిలో నీళ్ళు పోసి కారు ముందు వేలాడదీసుకుని బయలుదేరేవారట. మా అమ్మాయి అవన్నీ ఫొటోలు తీసుకుంటోంది. నేను మాత్రం ఊళ్ళో ఎన్ని గరాజులున్నాయో, మోటళ్ళెక్కడో, టోయింగ్ బోర్డులెక్కడో చూసుకుంటున్నాను. ఐ-15, ఐ-40 కలిసే చోటు కాబట్టి అన్నీ ఉన్నాయి. ఇక్కడ బండి ఆగితే డబ్బూ, ఒక రోజూ పోతాయి. అంతకన్నా భయపడేదేం లేదు.

భయపడాల్సింది ఆ తర్వాత. బార్‌స్టో నుంచి బేకర్ దాకా 60 మైళ్ళ పైమాట. ఎడమ పక్క కొండ మీద కాలికో అన్న పేరు తెల్లటి అక్షరాల్లో కనిపిస్తుంది. 1881లో వెండి దొరికి పుట్టి, వెండి ధర పడిపోగానే ఖాళీ అయిన ఊరు. అది దాటితే ఇక క్రియోసోట్ పొదలూ, ఎండిన చెరువులూ, నల్లటి కొండలూ. ఫోను సిగ్నలు వస్తూ పోతూ ఉంటుంది.

బేకర్‌కి కొద్ది ముందు అందరూ నవ్వుకునే ఎగ్జిట్ బోర్డొకటి. జైజిక్స్ రోడ్డు. ఇంగ్లీషు నిఘంటువులో ఆఖరి మాట కావాలని కర్టిస్ స్ప్రింగర్ అనే ఆయన 1944లో కల్పించిన పేరది. ఎడారిలో నీటి ఊట దగ్గర ఆరోగ్య ఆశ్రమంలాంటిది కట్టి, రేడియోలో ప్రచారం చేసి, అన్ని రోగాలకీ మందులంటూ అమ్మాడు. ప్రభుత్వం 1974లో ఆయన్ని అక్కడినుంచి ఖాళీ చేయించింది. ఇప్పుడది కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీవాళ్ళ ఎడారి పరిశోధన కేంద్రం. ఆ కథ అమ్మాయికి చెబుతుంటే నాకు ఆయిల్ మార్చే దుకాణాల కౌంటర్లు గుర్తొచ్చాయి. ఇంజిన్ ఫ్లష్, ఇంజెక్టర్ క్లీనింగు, ఇంజిన్‌కి కొత్త ప్రాణం పోసే సీసా మందు. అన్నీ "ముందు జాగ్రత్త" పేరుతోనే అమ్ముతారు. ఏది నిజమైన జాగ్రత్త, ఏది సీసా మందు అని తెలుసుకోవడానికి నాకు దొరికిన సులువైన దారి ఓనర్స్ మాన్యువల్. తయారుచేసినవాళ్ళు మార్చమని రాసిన వస్తువైతే ఆలోచించాలి. రాయనిదైతే, ఎందుకు కావాలో అమ్మేవాళ్ళే చెప్పాలి.

వ్యాను మాన్యువల్ నేను సంచిలో వేసుకునే వచ్చాను. బేకర్‌లో మధ్యాహ్నం భోజనానికి ఆగినప్పుడు తీశాను. బేకర్ అంటే ఒక వీధి ఊరు. అయితే ప్రపంచంలోకెల్లా ఎత్తయిన థర్మామీటరు అక్కడుంది. పొడవు 134 అడుగులు. పక్కనే ఉన్న డెత్ వ్యాలీలో 1913 జులై 10న నమోదైన 134 డిగ్రీలకి గుర్తుగా 1991లో కట్టారు. ఆ రోజు దాని మీద 111 వెలుగుతోంది. కారు దిగగానే మొహానికి పొయ్యి సెగ కొట్టినట్టయింది. నీడలో కూర్చుని పులిహోర తింటూ మెయింటెనెన్స్ పేజీలు తిరగేశాను. టైమింగ్ బెల్టు దగ్గర ఒక చిన్న వాక్యం ఉంది. 110 డిగ్రీలు దాటిన ఎండలో తరచుగా నడిపేవాళ్ళు ఆ బెల్టుని ప్రతి 60,000 మైళ్ళకీ మార్చాలని. మామూలుగా మెకానిక్కులు చెప్పే లెక్క 1,05,000 మైళ్ళు లేదా ఏడేళ్ళు, ఏది ముందొస్తే అది. మా వారు ఇంకా 1,05,000 రాలేదనీ, లైటు వెలగలేదనీ అంటున్నది సముద్రం గాలి తగిలే అర్వైన్ లెక్క. బండి ఇకమీద ఉండబోయేది వేగాస్‌లో. 2024 జులైలో అక్కడ 120 డిగ్రీలు వచ్చాయి, ఆ ఊరి చరిత్రలో అదే ఎక్కువ. ఊరు మారితే మందు మోతాదు కూడా మారుతుందన్నమాట. మాన్యువల్ ఆయన ముందు పెట్టి ఆ వాక్యం మీద వేలుంచాను. ఆయన రెండుసార్లు చదివి, "ఊఁ" అన్నారు.

బేకర్ దాటగానే అసలు పరీక్ష. బేకర్ గ్రేడ్ అంటారు. సుమారు పదిహేడు మైళ్ళలో 3,000 అడుగుల ఎత్తు, హాలొరన్ సమ్మిట్ దాకా. కళ్ళకి ఎక్కుడులా కనిపించదు. తిన్నగా, వెడల్పుగా, ఎదురుగా సాగుతున్న రోడ్డులా ఉంటుంది. యాక్సిలరేటరు మీద కాలు మాత్రం బరువెక్కుతూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని బోర్డు పెట్టారు. అందులో అర్థముంది. ఏసీ నడిస్తే ఇంజిన్ మీద బరువు, పైగా ఏసీ వదిలే వేడంతా రేడియేటరు ముందే చేరుతుంది. మరీ అవసరమైతే ఏసీ ఆపి హీటరు వెయ్యమంటారు. ఇంజిన్ వేడి కొంత మన మొహం మీదికి వస్తుంది, దానికి ఊపిరాడుతుంది.

ఆ ఎక్కుడు మీదే అమ్మాయి అడిగింది, "అమ్మా, అసలా బెల్టు ఏం చేస్తుంది?" అని. మెకానిక్ నాకు చెప్పింది దానికి చెప్పాను. ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. వాటి పైన వాల్వులు తెరుచుకుని మూసుకుంటూ ఉంటాయి. ఈ రెండూ ఒకే తాళంలో ఉండేట్టు కట్టిపడేసేది పళ్ళున్న ఒక రబ్బరు బెల్టు. ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వూ సెకనుకి 25 సార్లు తెరుచుకుంటుంది. మా వ్యాను ఇంజిన్‌లో పిస్టనూ వాల్వూ ఒకే చోటుని వంతులవారీగా వాడుకుంటాయి. బెల్టు తెగిందంటే తాళం తప్పి రెండూ గుద్దుకుంటాయి. వాల్వులు వంగిపోతాయి. బాగుచేయాలంటే ఇంజిన్ తల విప్పాలి, వేలల్లో ఖర్చు. అప్పుడు 4,500 డాలర్ల బండికి తుక్కు ధరే. పైగా బెల్టు కవరు లోపల ఉంటుంది. మరక పడదు, వాసన రాదు, ముల్లు కదలదు, చాలాసార్లు చప్పుడు కూడా చెయ్యదు. డెబ్భై మైళ్ళ వేగంలో పక్కన లారీలు పోతుండగా ఇంజిన్ ఆగిపోతుంది. అలా ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది, బ్రేకు ఒకటి రెండుసార్లు నొక్కాక గట్టిపడుతుంది. నేనిది చెబుతుంటే మా వారు ఏం మాట్లాడకుండా డ్రైవ్ చేస్తున్నారు. కుడివైపు షోల్డరు, దాని అవతల మండుతున్న రాళ్ళు.

అన్ని బళ్ళకీ ఈ బెడద లేదు. మేం వెళ్తున్న క్యామ్రీలో బెల్టు బదులు ఇనుప గొలుసు ఉంది, దాన్ని ఇన్ని మైళ్ళకని మార్చక్కర్లేదు. 2002 తర్వాతి నాలుగు సిలిండర్ల క్యామ్రీలు, హోండా సీఆర్వీలు, 2007 తర్వాతి సియెన్నాలు అన్నీ గొలుసువే. అప్పటి ఒడిస్సీ, పైలట్ లాంటి హోండా వీ6లవి బెల్టులు. మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నవి ఇవే బళ్ళు. మీ బండికి బెల్టా, గొలుసా అన్న ఒక్క సంగతి తెలుసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

హాలొరన్ దాటి కాస్త దిగి, మళ్ళీ ఎక్కితే మౌంటెన్ పాస్, 4,730 అడుగులు. పక్కనే అరుదైన ఖనిజాల గని ఉంది. సెల్‌ఫోన్లకీ, కరెంటు కార్ల మోటార్లకీ కావాల్సిన ఖనిజాలు అక్కడ తవ్వుతారు. అక్కడినుంచి లోయలోకి దిగుతుంటే ఎడమవైపు ఐవన్‌పా సోలార్ ప్లాంటు, మూడు బురుజుల నెత్తిన మూడు సూర్యుళ్ళు పెట్టినట్టు కళ్ళు జిగేల్మంటాయి. ఆ తర్వాత ప్రిమ్, నెవాడా సరిహద్దు. ఇంకో 40 మైళ్ళకి వేగాస్.

ఆ రాత్రి హోటల్లో లెక్కలు వేసుకున్నాం. మా ఇళ్ళల్లో కారు లెక్క అంటే ఆయన చూసుకుంటారు అని ఊరుకోవడం అలవాటు. ఈసారి కాగితం, పెన్ను నా దగ్గరే ఉన్నాయి. 1,150ని బండి ధరతో పోల్చడం మానేసి, అమ్మాయి చదివే నాలుగేళ్ళతో భాగించాను. నెలకి 24 డాలర్లు. ఇంకో బండి కొంటే నెలకి మూడు వందల దాకా వాయిదా, పైగా సేల్స్ టాక్సు, కొత్తగా లైసెన్సొచ్చిన పిల్ల కాబట్టి పెద్ద ఇన్సూరెన్సు. ఆ కొనేది కూడా పాతదే, దాని లోపల ఏముందో మనకి తెలియదు. ఈ వ్యాను సంగతి తొమ్మిదేళ్ళుగా తెలుసు. మా వారు ఆ అంకెల కింద గీత గీసి, "బెల్టు సరే. మిగతా పదహారు వందల మాటేమిటి?" అన్నారు.

మిగతావాటిని ఒక్కొక్కటే దారి మీద పెట్టి చూశాం. స్పార్క్ ప్లగ్గులు మాన్యువల్లో బెల్టుతోపాటే మార్చమని ఉంది, ఎలాగూ సమయమైంది, చేయిద్దాం. రేడియేటరు కారడం లేదు. ప్రెషర్ టెస్టు చేయించి, కూలెంటు మార్పించి, పాత గొట్టాలు రెండూ మార్చుదాం, రేడియేటరు వద్దు. గాస్కెట్ చెమర్చింది తప్ప చుక్క పడటం లేదు, వద్దు. నెలకోసారి అమ్మాయే డిప్‌స్టిక్ చూసుకుంటుంది. మౌంటు వణికినప్పుడు చూద్దాం. ఆ రెంటిలో ఏది ముదిరినా వేగాస్‌లోనే ఒక శనివారం తీరిగ్గా చేయించుకోవచ్చు, ఎడారిలో నిలబెట్టవు.

వాటర్ పంపు మాత్రం బాగానే ఉన్నా మార్చాలనుకున్నాం. ఇక్కడే మన ఊరి లెక్కకీ ఇక్కడి లెక్కకీ తేడా. మా నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో తన ఫియట్ పెట్టుకుని రోజంతా కూర్చునేవారు. అక్కడ కూలి చవక, సామాను ఖరీదు. అందుకే పోయినదే మార్చేవారు, బాగున్న దాని జోలికి వెళ్ళేవారు కాదు. వారానికి మళ్ళీ విప్పాల్సొచ్చినా కొంపలంటుకునేది కాదు. ఇక్కడ సామాను కన్నా కూలి ఎక్కువ. మా వ్యానులో పంపుని తిప్పేది ఆ టైమింగ్ బెల్టే. పంపు పోతే బెల్టు దాకా మళ్ళీ అంతా విప్పాలి, ఆ కూలి మళ్ళీ కట్టాలి. అందుకని ఒకసారి విప్పినప్పుడే లోపలున్నవన్నీ మార్చెయ్యడం ఇక్కడ పొదుపు.

జులైలో బండి ఇచ్చాం. ప్లగ్గులు, గొట్టాలు, కూలెంటుతో కలిపి 1,610 డాలర్లయింది. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టేముందు రాతలో ఎస్టిమేట్ ఇవ్వాలి, అంతకుమించితే మనల్ని అడగాలి. విప్పిన పాత సామాను కావాలని పని ఒప్పుకునేటప్పుడే చెబితే తిరిగివ్వాలి. ఇది రాష్ట్ర చట్టం. మొహమాటపడకుండా అడిగాను. ఆయన నవ్వి, అన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టిచ్చాడు.

ఇంటికొచ్చి పాత బెల్టు వంటింటి బల్ల మీద పెట్టి చూశాం. నిజం చెప్పాలంటే బెల్టు బాగానే ఉంది. పగుళ్ళు లేవు, పళ్ళన్నీ ఉన్నాయి. పంపు పక్కన చిన్న రంధ్రం దగ్గర మాత్రం ఎండిన కూలెంటు మరక, కారడం అప్పుడే మొదలైనట్టుంది. మా వారు బెల్టు వంచి చూసి, "ఇంకో ఇరవై వేల మైళ్ళు వచ్చేదేమో" అన్నారు. వచ్చేదేమో. తెగలేదు కాబట్టి ఎన్నాళ్ళుండేదో ఇక ఎప్పటికీ తెలియదు. పిల్లలకి పోలియో చుక్కలు వేయించాం, పోలియో రాలేదు. చుక్కలు దండగయ్యాయని ఎవరైనా అనుకున్నామా? ముందు జాగ్రత్తకి పెట్టిన ఖర్చు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, దాని ఫలితం కంటికి కనిపించదు. ఆ సంగతి ఒప్పుకోగలిగినవాళ్ళే ఆ ఖర్చు పెట్టాలి.

ఆగస్టులో సామానంతా వ్యానులో వేసుకుని వెళ్ళాం. స్టీరింగు అమ్మాయి పట్టుకుంది. బేకర్ గ్రేడ్ మీద కుడి లేనులో అరవై దాటకుండా, ఏసీ ఆపి, అద్దాలు దించి ఎక్కించింది. అత్తయ్యగారు వెనక సీట్లో విసనకర్రతో విసురుకుంటూ, "ఎందుకమ్మా ఈ తంటాలు, పిల్లని ఇంటిదగ్గరే చదివించొచ్చుగా" అంటూనే ఉన్నారు. ముల్లు సగం దగ్గరే కదలకుండా నిలబడింది.

ఇప్పుడు అమ్మాయికి చెప్పి పెట్టినవి కొన్నే. ముల్లు సగం దాటితే వెంటనే ఏసీ ఆపాలి, ఇంకా పైకి పోతే పక్కకి తీసి ఇంజిన్ ఆపెయ్యాలి. ముప్పావు గంటైనా చల్లారకుండా రేడియేటరు మూత ముట్టుకోకూడదు. డిక్కీలో రెండు గాలన్ల నీళ్ళు, అవి ముందు తను తాగడానికి. ఆ ఎండకి బ్యాటరీలు త్వరగా చచ్చిపోతాయి కాబట్టి రెండేళ్ళు దాటాక ప్రతి వేసవి ముందూ పరీక్ష చేయించాలి. ట్రిపుల్ ఏలో 100 మైళ్ళ దాకా లాక్కెళ్ళే ప్లస్ మెంబర్‌షిప్ తీసుకున్నాం. బేకర్ నుంచి వేగాస్ ఆ వంద మైళ్ళలోపే. వేసవిలో పగటిపూట కాక తెల్లవారుజామునే బయలుదేరాలి.

ఎంతవరకు అన్నది కూడా ఆ రాత్రి హోటల్ కాగితం మీదే రాసుకున్నాం. చెప్పకుండా దారిలో నిలబెట్టేవి, మాన్యువల్లో ఉన్నవి, నాలుగేళ్ళకి భాగిస్తే నెలకి పాతిక ముప్పై డాలర్లు దాటనివి చేయిస్తాం. గేర్‌బాక్స్ పోయినా, ఇంజిన్ తల విప్పాల్సొచ్చినా చేయించం, ఆ రోజు వ్యానుకి దణ్ణం పెట్టి వదిలేస్తాం. ఆ గీత ఎక్కడుందో ముందే తెలియడం వల్ల, రేపు ఏ గరాజు కౌంటరు ముందో నిలబడి మా అమ్మాయి మాకు ఫోన్ చేసినప్పుడు, అవునో కాదో చెప్పడానికి మాకు అయిదు నిమిషాలు చాలు. థాంక్స్‌గివింగ్‌కి తనొక్కతే నడుపుకుంటూ వస్తోంది.